మూడో వరసలో ఖాళీ

గుమాస్తాగారి ప్యాంటు నడుము కుట్లు విప్పుతూ టైలరమ్మ నాలుగోసారి గడియారం వంక చూసింది. పొట్ట పెరిగింది, రెండంగుళాలు వదులు చెయ్యమని పొద్దున్నే ఇచ్చి వెళ్ళాడాయన. ఈ వీధిలో ఎవరొచ్చినా వదులు చెయ్యమనే వస్తారు. బిగించాల్సిన బట్టలంటూ వస్తే అవి పెద్దదానివే.

పెద్దదంటే ఆమె కూతురు. చిన్నదంటూ ఎవరూ లేరు. ఇది పుట్టినప్పుడు వెనకాల ఇంకొకత్తె వస్తుందన్న ధీమాతో పెద్దదీ పెద్దదీ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ ఇంకొకత్తె రాలేదు, పిలుపు మాత్రం ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ళు దానికి. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. ఎవరైనా అడిగితే టైలరమ్మ "బిగించేది" అనదు, "బిగిస్తుంది" అంటుంది. అలా అనకపోతే ఏదో అయిపోతుందని భయం.

ఆమెకి భయం కానిదేముంది. కుక్కరు కూత ఆలస్యమైతే భయం. ఫోను రెండుసార్లు మోగితే భయం, అసలు మోగకపోతే ఇంకా భయం. "నీకు భయపడ్డానికి ఏమీ దొరక్కపోతే, దొరకలేదేంటా అని భయపడతావు" అంటాడు ఆమె భర్త. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని ఆయనది. మాట తక్కువ. శుక్రవారం డాక్టరు స్కాను ఫిల్ము వెలుగుపెట్టెకి ఆనించి, "గడ్డ మళ్ళీ కనబడుతోందమ్మా, వచ్చే గురువారం నించి మొదలుపెడదాం" అన్నప్పుడు, "ఎన్నిసార్లు ఎక్కించాలండీ" అని అడగగలిగింది ముగ్గురిలో ఆయనొక్కడే. ఎనిమిది సార్లన్నారు. పెద్దది తలూపింది. ఇంటికొచ్చి తిని, తన గిన్నె తనే కడిగి బోర్లించి పడుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది టైలరమ్మకి. ఏడిచే పిల్లని ఎలా ఊరుకోబెట్టాలో తెలుసు, గిన్నె కడిగి బోర్లించే పిల్లని ఏం చెయ్యాలో తెలీదు.

ఆదివారం సాయంత్రం దాని పాత చొక్కా ఛాతీ దగ్గర బిగిద్దామని టేపు చుట్టి కొలుస్తుంటే, రెండు చేతులూ పైకెత్తి నించునే అంది అది.

"గురువారం ఆ గోడ ముందు నించే వెళ్ళాలి కదమ్మా."

"ఏ గోడ?" తెలిసే అడిగింది టైలరమ్మ.

"ఫొటోల గోడ." టేపు వంక చూస్తూ, "ఏమో, వస్తానో రానో. ఇప్పుడే అడక్కు" అని చేతులు దించేసింది.

టేపు టైలరమ్మ వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. ఎన్నంగుళాలో చూసింది గానీ రాసుకోలేదు. రాత్రి మళ్ళీ కొలవడానికి ధైర్యం చాల్లేదు, అందాజు మీద కుట్టేసింది.

వస్తానో రానో. ఆ మాట సోమవారం పొద్దుటికీ వదల్లేదు. పెద్దది పక్కగదిలో గోడకి తిరిగి పడుకునుంది. ఒకసారి కాదనుకుందంటే ఇది ఎవరి మాటా వినదు, తండ్రి పోలిక. మందు ఎక్కించుకోనంటే బతిమాలగలరు గానీ, ఎత్తుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టగలరా. మూడేళ్ళ పిల్లేమన్నానా. గురువారానికి ఇంకా మూడు రోజులు. గోడని కదిలించలేరు. గోడ మీద ఉన్నదాన్ని కదిలించొచ్చేమో. టైలరమ్మ ప్యాంటు మడిచి పక్కన పెట్టి, చెప్పులు వేసుకుంది.

*

ఆసుపత్రిలో రెండో అంతస్తులో లిఫ్టు దిగితే ఎడమ పక్క పొడుగాటి నడవా, ఆ నడవా చివర మందు ఎక్కించే గది. వేరే దారి లేదు. నడవా గోడ నిండా ఫొటోలు. ఎవరికైనా ఆఖరి సీసా ఎక్కిన రోజున సిస్టర్లు నెత్తిన అట్ట కిరీటం పెట్టి, కేకు కోయించి, అటొక వరసా ఇటొక వరసా నించుని లిఫ్టు దాకా చప్పట్లతో సాగనంపుతారు. చేతికో పలకిస్తారు, "నా చికిత్స పూర్తయింది" అని రాసి. అది పట్టుకుని దిగిన ఫొటో గోడకెక్కుతుంది.

ఎనిమిది నెలల కిందట పెద్దదానికీ చేశారు. ముందు వద్దంది. "చప్పట్లేంటమ్మా, నేనేమన్నా పరుగుపందెం గెలిచానా" అంది. టైలరమ్మే నించోబెట్టింది. ముచ్చటపడి కాదు, కాదంటే సిస్టర్లు నొచ్చుకుంటారేమోనని. ఖర్మకాలి మళ్ళీ రావాల్సొస్తే సూది గట్టిగా పొడుస్తారేమోనని కూడా. "ఒక్క నిమిషం నించోవే. నవ్వితే నవ్వు గానీ మరీ పళ్ళన్నీ కనబడనీకు" అని చెవిలో చెప్పింది. అది పళ్ళన్నీ కనబడేట్టే నవ్వింది.

ఆ నవ్వు ఇప్పుడు మూడో వరసలో, కుడి నించి నాలుగోది. టైలరమ్మ దాని ఎదురుగా నించుంది. కిరీటం ఒక చెవి మీదకి ఒరిగి ఉంది. కింద నున్నటి తల మెరుస్తోంది. ఫొటో అంచున ఎవరిదో మోచెయ్యి. ఎవరిదో ఏంటి, తనదే. ఫొటోలో పడితే మంచిది కాదేమోనని పక్కకి జరిగింది, మోచెయ్యి మిగిలిపోయింది. చూసిన కొద్దీ కోపమొచ్చింది ఆమెకి. డాక్టరు మీద కాదు, సిస్టర్ల మీద కాదు. అంత నవ్వు నవ్వనిచ్చిన ఆ రోజు మీద.

ఫొటోలూ కేకులూ చూసుకునే అమ్మాయి కింద ఆఫీసులో కూర్చుంటుంది. మెళ్ళో కార్డు, చేతిలో ఫోను, ఎవరితో మాట్లాడినా పుట్టినరోజు పిల్లతో మాట్లాడినట్టుంటుంది.

"ఒక ఫొటో తియ్యాలమ్మా" అంది టైలరమ్మ.

"ఎవరిదాంటీ? అయిపోయిందా? చాలా సంతోషం. ఏ రోజు పెట్టుకుందాం?"

"అది కాదు. గోడ మీద మా అమ్మాయిది ఉంది. మూడో వరస. అది తీసెయ్యాలి."

అమ్మాయి చేతిలో ఫోను బల్ల మీద పెట్టేసింది. కుర్చీలోంచి సగం లేచింది. "అయ్యో ఆంటీ. ఎప్పుడు?"

"గురువారం నించి మళ్ళీ ఎక్కిస్తామన్నారు. అందుకనే, ఈలోగా తీసేస్తే."

"ఓ. మళ్ళీ మందా." గుండెల మీద చెయ్యేసుకుని గట్టిగా ఊపిరి వదిలి కూర్చుంది. పెద్దదానికి మళ్ళీ వచ్చిందంటే ఈ పిల్లకి అంత నెమ్మది దేనికో టైలరమ్మకి అంతుపట్టలేదు. "అలా తియ్యమాంటీ. మళ్ళీ వచ్చినవాళ్ళవన్నీ తియ్యడం మొదలెడితే..." అని ఆగిపోయింది. మిగతాది టైలరమ్మే నింపుకుంది, సగం గోడ ఖాళీ అవుతుందని. "కొత్తగా వచ్చేవాళ్ళకి ధైర్యం చెప్పడానికి కదా పెట్టింది" అంది అమ్మాయి.

"అమ్మాయి చూడలేనంటోందమ్మా."

"అర్జీ రాసివ్వండి. సూపరింటెండెంటుగారు ఊళ్ళో లేరు, వచ్చే వారం వస్తారు."

"గురువారంలోగా?"

"వచ్చే వారమాంటీ."

మరి నా కూతురికి ధైర్యం ఎవరు చెబుతారమ్మా అని అడగాల్సింది. ఆ మాట ఆసుపత్రి మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్సెక్కాక తోచింది. ఆమెకి ఎప్పుడూ అంతే.

*

బుధవారం రక్తపరీక్ష కాగితాలు ఇచ్చిరావాలి. భర్త తనే ఇస్తానన్నాడు, టైలరమ్మ ఒప్పుకోలేదు. కుట్లు విప్పే చిన్న బ్లేడుని కాగితంలో చుట్టి, ఆ పొట్లాన్ని పర్సులో పెట్టుకుంది. దారిపొడుగునా కళ్ళముందు ఒకటే బొమ్మ. ఎవరో చెయ్యి పట్టుకుంటారు, అరుస్తారు, జనం మూగుతారు, పేపర్లో వేస్తారు, ఆయన ఆఫీసులో తలెత్తుకోలేడు, గురువారం పెద్దదాన్ని గేటు దగ్గరే ఆపేస్తారు. ఇన్ని అనుకుని కూడా వెనక్కి తిరగలేదు. అది ఆమెకే వింతగా ఉంది.

ఒంటిగంటన్నరకి సిస్టర్లు భోజనానికి వెళ్తారు. ఆర్నెల్లు ఈ నడవాలో కూర్చున్న మనిషికి అక్కడి వేళలన్నీ ఒంటపట్టి ఉన్నాయి. పైన కెమెరా ఉందో లేదో చూడబోయి, చూస్తే అందులో మొహం పడుతుందని తల దించుకుంది. నాలుగు మూలలా రెండువైపులా జిగురున్న టేపు. బ్లేడు మొన ఫొటోకీ గోడకీ మధ్య దూర్చింది. బట్టకి తగలకుండా దారానికే తగిలేలా బ్లేడు ఎలా వాల్చాలో ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన చెయ్యి. మూడు మూలలు లొంగాయి. నాలుగోది, మోచెయ్యి ఉన్న మూల, టేపుతోపాటు చిరిగింది.

ఫొటో సంచిలో కాగితాల మధ్య పెట్టి వెనక్కి తిరిగేసరికి నడవాలు తుడిచే ఆమె బకెట్టుతో నించుని ఉంది.

టైలరమ్మ సంచి మూతి గుప్పిట్లో బిగించింది. అబద్ధాలు నాలుగైదు దార్లోనే సిద్ధం చేసుకుంది గానీ ఒక్కటీ నోటికి రాలేదు. ఆ మనిషి ఖాళీ వంక చూసింది, సంచి వంక చూసింది, టైలరమ్మ మొహం వంక చూసింది. తుడుపుకర్ర గోడకి ఆనించి, తడి చెయ్యి తన బట్టకే తుడుచుకుని, ఆ చెయ్యి తెచ్చి టైలరమ్మ భుజం మీద వేసింది. కాసేపు అలాగే ఉంచింది. తరవాత కర్ర తీసుకుని, జరగమనైనా అనకుండా, ఆమె పాదాల చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అరవలేదు, అడగలేదు. ఎంత మంచి మనిషని ఇంటికొచ్చేదాకా అనుకుంటూనే ఉంది టైలరమ్మ. ఫొటోని కుట్టుమిషను సొరుగులో బొత్తాల డబ్బా కింద పెట్టి, సొరుగు మూసి, తెరిచి, మళ్ళీ మూసింది.

సాయంత్రం పెద్దదాని పక్కన మంచం మీద కూర్చుంది.

"రేపు ఆ గోడ గురించి ఏం పెట్టుకోకు. తిన్నగా నడిచెయ్."

"వస్తాలే అమ్మా" అంది అది, దుప్పటి అంచు దారం లాగుతూ. "వచ్చి చూస్తా."

టైలరమ్మకి ఆ చూస్తా అన్నది వినబడలేదు. వస్తా అన్నదొక్కటే వినబడింది. చాలా రోజుల తరవాత ఆ పూట కడుపునిండా తింది.

*

గురువారం లిఫ్టు తలుపు తెరుచుకోగానే పెద్దది ముందు నడిచింది. బిగించిన చొక్కా ఇంకా వదులే. వెనకాల సంచీ, ఫ్లాస్కూ, ఫైలూ మోసుకుంటూ టైలరమ్మ. ఆయన కింద చీటీ రాయించడానికి ఉండిపోయాడు.

మూడో వరస దగ్గర పెద్దది ఆగింది. నాలుగు మూలలా నాలుగు జిగురు ముక్కలు, మధ్యలో గోడ మిగతా చోటికన్నా తెల్లగా ఉంది. కంటిపరీక్ష అట్ట మీద ఆఖరి వరస చదివేవాళ్ళలా కళ్ళు చిన్నవి చేసి చూసింది. నడిచింది. అమ్మయ్య అనుకుంది టైలరమ్మ, ఫ్లాస్కు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ.

గదిలో పన్నెండు కుర్చీలు, వెనక్కి వాల్చుకునేవి. కిటికీ పక్కది ఖాళీగా ఉంది. మధ్యలో పరదా, పరదాకి అటువైపు కండక్టర్ తాత కుర్చీ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మూడు వారాలకోసారి మందు, నాలుగేళ్ళుగా. ఆయనది తగ్గే జబ్బు కాదు, మందు పెరక్కుండా ఆపేదే. అందుకని ఆయనకి కిరీటం లేదు, గోడ మీద చోటూ లేదు. "నాది ఊరి చుట్టూ తిరిగే బస్సమ్మా, ఆఖరి స్టాపుండదు" అంటాడు. పోయినసారి ఆర్నెల్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు ఆయనా పెద్దదీ. ఆయన కళ్ళజోడు కాడ ఊడితే ఇదే మర బిగించి ఇచ్చింది. అప్పట్నించి దాన్ని అద్దాలమ్మా అని పిలుస్తాడు.

ఇవాళ పరదాకి అటు నించి సిస్టరు గొంతు వినబడుతోంది, అందరూ పొడుగు సిస్టరనే ఆమెది.

"పదిన్నరైంది తాతా. చెయ్యివ్వు."

"ఇవాళ వద్దమ్మా."

"వద్దంటే ఎలా? వారమాలస్యమైతే డాక్టరుగారు నన్నంటారు."

"అననీ. ఇంక చాల్లే, దిగిపోతా."

ఈ ముసలాయనకి ఇవాళ ఏమొచ్చింది అనుకుంటూ టైలరమ్మ దిండు సర్దింది. పెద్దది కుర్చీ అంచున కూర్చుంది గానీ వెనక్కి వాలలేదు.

"అమ్మా, ఇంటికెళ్ళిపోదాం."

"అదేంటే?"

"చూశావుగా. నాది తీసేశారు." గొంతు తగ్గించింది, కింది పెదవి లోపలికి నొక్కుకుంది. "నేననుకుంటూనే ఉన్నా. మళ్ళీ వచ్చిందని వీళ్ళకి తెలుసు కదా, ఇంకెందుకుంచుతారు, లెక్కలోంచి కొట్టేసి ఉంటారని. ఆదివారం నించి అదే. ఉంటే వచ్చి కూర్చుంటా, లేకపోతే లేదని నాలో నేనే పందెం వేసుకున్నా. లేదు."

టైలరమ్మ చేతిలో దిండు అలాగే ఉంది. నిజం నాలుక చివర్నే ఉంది, దాన్ని బయటికి రానిచ్చే ధైర్యమే లేదు.

"సున్నం వెయ్యడానికి తీసుంటారే" అంది.

"నా ఒక్కదాని వెనకాలేనా?"

చొక్కా చేతి బొత్తాం విప్పిందల్లా మళ్ళీ పెట్టుకుంది పెద్దది. సంచి అందుకుంది. లేవబోతుంటే పరదా కదిలింది. కండక్టర్ తాత కుర్చీలోంచి వంగి, పరదా పక్కకి లాగి చూస్తున్నాడు. కాళ్ళ దగ్గర మొదలుపెట్టి మొహం దాకా, దొంగ టిక్కెట్టేమోనని చూసినట్టు చూశాడు.

"ఉన్నావా నువ్వు?" అన్నాడు.

"ఉన్నా తాతా."

"మరి గోడ మీద లేవే."

"మళ్ళీ వచ్చింది. అందుకని తీసేశారు."

"మళ్ళీ వచ్చినవాళ్ళవి తియ్యరే తల్లీ." కళ్ళజోడు తీసి, పెట్టుకున్నాడు. "నాలుగేళ్ళుగా వచ్చినప్పుడల్లా లెక్కపెడుతున్నా. పోయినవాళ్ళవే తీస్తారు. పొద్దున చూసి నేను..." పరదా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

మూల కుర్చీలో కొత్తగా వచ్చినావిడ దుప్పటి కళ్ళదాకా లాక్కుంది. పొడుగు సిస్టరు సూదుల పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"అవునమ్మా. ఇంట్లోవాళ్ళు ఎప్పుడైనా వస్తే చూసి తట్టుకోలేరని, పోయినవాళ్ళది మేమే మెల్లిగా తీసేస్తాం. నీది మేం తియ్యలేదు. నిన్న తుడిచే ఆమె వచ్చి, ఇంటివాళ్ళే తీసుకెళ్ళారంది. నీ ఫైలు పొద్దున బల్ల మీద చూసి, పొరపాటున వచ్చిందనుకుని పక్కన పెట్టాను."

అందరి కళ్ళూ టైలరమ్మ మీదకి వచ్చాయి. రాకపోయినా ఆమెకి అలాగే అనిపించేది.

భుజం మీద ఆ తడి చెయ్యి ఇప్పుడు తెలిసింది. ఆఫీసులో పిల్ల వదిలిన ఊపిరీ తెలిసింది. ఏ మాటనైతే మనసులోకి రాబోయినప్పుడల్లా ఇరవై ఏడేళ్ళుగా తరిమి తరిమి కొట్టిందో, ఏ మాట రాకూడదని "బిగించేది" అని కూడా అనలేదో, ఆ మాటని తనే వెళ్ళి, తన బ్లేడుతో, గోడ మీద రాసొచ్చింది. అందరూ చదివారు. పిల్ల కూడా చదివింది.

"నేనే తీశాను" అంది. "చూస్తే మందు వద్దంటుందేమోనని. బుధవారం ఒంటిగంటన్నరకి. నేనే."

పెద్దది ఆమె వంక చూస్తూ ఉండిపోయింది. అంతసేపు చూడడం టైలరమ్మ ఓర్చుకోలేకపోయింది, దిండు గలీబు నలుపుతూ కూర్చుంది.

"ఎక్కడుంది?"

"మిషను సొరుగులో. బొత్తాల డబ్బా కింద."

"చింపావా?"

"ఒక మూల. కొంచెమే."

"నావైపా?"

"కాదు. నా మోచెయ్యి దగ్గర."

"నీ మోచెయ్యి పోతే పోయిందిలే" అంది పెద్దది. నవ్వలేదు గానీ, సంచి కింద పెట్టింది.

"నీకసలు ఆ రోజు ఇష్టమే లేదు కదే. నేనే బలవంతాన నించోబెట్టా."

"ముందు ఇష్టం లేదు. నించున్నాక నవ్వొచ్చింది. ఎవరో కితకితలు పెడితే నవ్వలేదమ్మా, నేనే నవ్వా. మళ్ళీ వచ్చిందని ఆ రోజు అబద్ధమైపోతుందా? నాకున్నదే అదొకటి, దాన్ని కూడా సొరుగులో పెడితే ఎలా?"

టైలరమ్మ నలిపిన గలీబుని చేత్తో సాపుచేసింది.

"నాకైతే ఆ చప్పట్లంటే ఒళ్ళుమంట" అన్నాడు కండక్టర్ తాత, ఎవరూ అడక్కుండానే. "నాలుగేళ్ళుగా పక్కవాళ్ళకి కొట్టీ కొట్టీ అరచేతులు అరిగాయి. నాకొక్కడు కొట్టడు. పోనీ కేకన్నా తిందామా అంటే చక్కెరజబ్బు. ఈ మూల వీళ్ళు ఈలలు వేస్తుంటే, ఆ మూల ఒకడు బకెట్లో కక్కుకుంటుంటాడు. ఏం తమాషా అది?"

"మరెందుకు లెక్కపెడతావు, వచ్చినప్పుడల్లా?" అంది పెద్దది.

"బండిలో ఎంతమందున్నారో తెలియద్దూ? అలవాటు." చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "కానీ మరి. నువ్వు ముందు పెట్టించుకో."

"నువ్వే పెట్టించుకో. నీ పదిన్నర ఎప్పుడో దాటింది."

"ముందు సీట్లు ఆడవాళ్ళకి. రూలు నాకు చెప్పకు."

పెద్దది బొత్తాం విప్పింది. పొడుగు సిస్టరు రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో రెండు వేళ్ళతో తట్టి నరం వెతికింది. మొదటిసారికి దొరకలేదు. రెండోసారికి దొరికింది. టైలరమ్మ కళ్ళు మూసుకోవడం మరిచిపోయి అంతా చూసింది.

మధ్యాహ్నం ఎవరికో ఆఖరి సీసా అయింది, బ్యాంకులో పనిచేసే ఆవిడట. ఆఫీసు అమ్మాయి కిరీటం తెచ్చింది, సిస్టర్లు వరసలు కట్టారు. ఒక చేతికి సూది ఉన్నవాళ్ళు రెండో చేత్తో కుర్చీ చెక్కని తట్టడం ఇక్కడ పద్ధతి. పెద్దది తట్టింది. మొహం పాలిపోయి, నోట్లో నీళ్ళు ఊరుతుంటే మింగుతూ తట్టింది. కండక్టర్ తాత కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. మూల కుర్చీలో కొత్తావిడ దుప్పటి కింద నించి చెయ్యి తియ్యలేదు. తియ్యాలనీ ఎవరూ అనలేదు.

*

ఆ రాత్రి తెల్లారేదాకా వాంతులు. శుక్రవారం పొద్దున పెద్దది నిద్రపోయాక, ఆయన్ని దాని పక్కన కూర్చోబెట్టి, టైలరమ్మ సొరుగు తెరిచింది. చిరిగిన మూల వెనక కాలర్లలో వేసే బక్రం ముక్క పెట్టి, బట్టకప్పి, ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా నొక్కింది. అతుకు తెలుస్తూనే ఉంది. ఎంత బాగా వేసినా అతుకు తెలియకుండా పోదు, ఆ పనిచేసే మనిషికి తెలుసు.

ఒంటిగంటన్నర దాకా ఆగలేదు. పదకొండుకి, జనం తిరుగుతుండగా వెళ్ళింది. ఖాళీ ఖాళీగానే ఉంది. పాత జిగురు గోటితో గీకి, కొత్త టేపు అంటించి, ఫొటో ఎత్తి పెట్టింది. కొంచెం పక్కకి ఒరిగింది. మూడు మూలలు పట్టాయి, అతుకేసిన మూల మందం వల్ల లేచి లేచి వస్తోంది.

"మీ అమ్మాయాండీ?"

వెనక ఒకావిడ నించుని ఉంది. చేతిలో కొత్త ఫైలు, అట్టలింకా నలగలేదు. నిన్న మూల కుర్చీలో ఉన్నావిడ పోలికే. తల్లో అక్కో అయుంటుంది.

"ఆ. మా అమ్మాయే."

"అయిపోయిందన్నమాట మందు." ఆవిడ కళ్ళు పలక మీదున్నాయి. "బాగుంది కదా ఇప్పుడు?"

ఇంకో రోజైతే టైలరమ్మ బాగుందనేసి వెళ్ళిపోయేది. ఎవరి మనసు ఎందుకు కష్టపెట్టాలి, ఏ మాటంటే ఏమవుతుందో.

"అయిపోయింది" అంది. "మళ్ళీ వచ్చింది. నిన్నే మళ్ళీ మొదలుపెట్టారు. రాత్రంతా వాంతులు, ఇప్పుడే కాస్త కన్నంటుకుంది."

ఆవిడ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఫైలు గుండెలకి ఆనించుకుంది. అయ్యో, ఏం చేశాను అనుకుంది టైలరమ్మ. మాట వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఆవిడ ఫొటోలో నవ్వునీ, టైలరమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"మరి ఇంకా ఎందుకు పెడుతున్నారండీ, ఇక్కడ?" అంది చివరికి, కోపమో బాధో తెలియని గొంతుతో.

"మా అమ్మాయి ఉందండీ. ఉంది కాబట్టే పెడుతున్నా."

లిఫ్టు వచ్చి ఎవరినో దింపి వెళ్ళింది. లేచి వస్తున్న మూలని టైలరమ్మ మళ్ళీ నొక్కింది, అది మళ్ళీ లేచింది. అప్పుడావిడ ఫైలుని చంకలో ఇరికించుకుని, ముందుకొచ్చి, ఆ మూల మీద బొటనవేలు పెట్టి నొక్కిపట్టింది. టేపు పట్టేదాకా ఇద్దరూ అలాగే నించున్నారు.